కండర క్షీణత: రక్తం చెప్పినదీ, చెప్పలేనిదీ

నాలుగేళ్ల మగపిల్లవాడు నేలమీద నుంచి లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తరువాత ఒక్కొక్క చేతినే మోకాళ్ల మీదుగా తొడల మీదకు జరుపుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. పిక్కలు ఉబ్బెత్తుగా ఉంటాయి కనుక చూసినవారు పుష్టిగా ఉన్నాడనే అనుకుంటారు. మెట్లెక్కనని మొరాయిస్తే బద్ధకమంటారు. చివరికి ఒక వైద్యుడు రక్తపరీక్ష రాస్తాడు. లీటరు రక్తరసిలో సుమారు 200 యూనిట్లకు మించకూడని క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ 15,000 దగ్గరో, 20,000 దగ్గరో ఉన్నట్టు ఫలితం వస్తుంది. ఇప్పుడు అమెరికాలో ఉంటున్న తల్లిదండ్రులకు ఆ అంకె వైద్యుడు పిలిచి చెప్పేలోపలే ఫోను తెరమీద కనబడుతుంది.

ఆ అంకె చూసిన కుటుంబానికి మూడు ప్రశ్నలు పుడతాయి. వీడికి వచ్చింది ఏ జబ్బు? ఇది ఎవరి నుంచి వచ్చింది, ఇంకెవరికి రావచ్చు? మందు ఇస్తే పనిచేస్తున్నదని ఎలా తెలుస్తుంది? వంశపారంపర్య కండర క్షీణత వ్యాధులలో ఎక్కువమందికి తెలిసిన డుషెన్ వ్యాధి విషయంలో, రక్తం ఈ మూడు ప్రశ్నలకూ ఎంతవరకు జవాబు చెప్పగలిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక ప్రశ్నకు బాగా జవాబిచ్చిన సూచికను మరొక ప్రశ్నకు కూడా నమ్ముకున్నప్పుడు నష్టపోయినది కుటుంబాలే. అందువల్ల ఈ చరిత్ర పరిశోధకులకు మాత్రమే సంబంధించినది కాదు.

పేరు పడిన వ్యాధి

1851 చివరలో ఎడ్వర్డ్ మెరియన్ అనే ఆంగ్ల వైద్యుడు లండన్‌లోని వైద్యసభలో ఒక పత్రం చదివాడు. కొన్ని కుటుంబాలలో మగపిల్లలకే కండరాలు క్రమంగా చచ్చుబడిపోతున్నాయనీ, నాడీమండలంలో మాత్రం దోషం కనబడడం లేదనీ అందులో చెప్పాడు. చనిపోయిన పిల్లల కండరాలను సూక్ష్మదర్శినిలో చూసి, కండర తంతువును కప్పి ఉండే పొర చితికిపోయిందని కూడా రాశాడు. వ్యాధికి మాత్రం ఆయన పేరు రాలేదు. 1861లోనూ, మరింత వివరంగా 1868లోనూ దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు గియోమ్ డుషెన్ పేరే స్థిరపడింది. బతికి ఉన్న రోగి కండరం నుంచి చిన్న తునకను తీయడానికి ఒక పరికరాన్ని తయారుచేసినది ఆయనే. పైన చెప్పిన లేచే తీరును 1879లో విలియం గవర్స్ వర్ణించాడు, దానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. తల్లుల ద్వారా సంక్రమించి కొడుకులను బాధించే వ్యాధి ఇదని గవర్స్ గుర్తించాడు.

మెరియన్ చెప్పిన చితికిన పొర సంగతి తరువాత నూరేళ్లు మరుగున పడింది. పొర చితికితే లోపల ఉన్నది బయటకు రావాలి, బయటకు వచ్చినది రక్తంలో చేరాలి. దానిని కొలవాలంటే ముందు కండరం లోపల ఏముందో తెలియాలి. ఆ రసాయన శాస్త్రం ఇరవయ్యవ శతాబ్దంలో గాని రాలేదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఈ దశలో కథలోకి ఒక తెలుగువాడు వస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డ్ చేరి, అక్కడ సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద పనిచేశాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రయోగశాలలలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది నిలిచిపోయింది.

ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షించినప్పుడు వారికి ఒక విచిత్రం ఎదురయింది. కండరంలో విడిగా ఉన్నదని అందరూ అనుకుంటున్న ఫాస్ఫేటులో చాలా భాగం నిజానికి విడిగా లేదు. అది క్రియేటిన్‌తో కలిసి ఉన్నది. ఆ బంధం చాలా సున్నితమైనది కావడంతో పరీక్ష చేసే క్రమంలోనే విడిపోయి, మొదటి నుంచీ విడిగా ఉన్నట్టు భ్రమ కలిగించింది. 1927లో వారు ఫాస్ఫోక్రియేటిన్‌ను ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థాన్ని వేరుగా గమనించారు. కండరం ముడుచుకున్నప్పుడు ఖర్చయ్యే ఏ.టి.పి.ని వెంటనే తిరిగి నింపడానికి కండరం దాచుకున్న నిల్వ ఫాస్ఫోక్రియేటిన్ అని 1930లలో తేలింది. ఆ నిల్వ నుంచి ఫాస్ఫేటును తీసి అందించే ఎంజైమే క్రియేటిన్ కైనేజ్.

సుబ్బారావు కండర క్షీణత మీద పనిచేయలేదు. ఆయన పేరు తరువాత ఫోలిక్ ఆమ్లంతోనూ, క్యాన్సర్ మందులతోనూ ముడిపడింది. అయినా ఈ పిల్లల రక్తపరీక్ష కాగితం మీద కనబడే రెండు మాటలు, క్రియేటిన్ కైనేజ్, క్రియేటినిన్, ఆ 1927 నాటి రసాయనం చుట్టూ తిరిగేవే. వ్యాసం చివర మళ్లీ అక్కడికే వస్తాను.

మొదటి ప్రశ్న: ఇది ఏ జబ్బు?

కండర ఎంజైమ్ ఒకటి రోగుల రక్తంలో ఎక్కువగా ఉంటుందని మొదట తెలిసినది క్యాన్సర్ పరిశోధన పక్కదారిలో. 1949లో సిబ్లీ, లెనింజర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు కణితులకు సంబంధించి రక్తరసిలోని అల్డొలేజ్ అనే ఎంజైమ్‌ను కొలుస్తూ, కండర క్షీణత రోగులలో కూడా అది పెరిగి ఉన్నదని గమనించారు. 1950లలో పారిస్‌లో షపిరా దంపతులు, డ్రేఫూస్ ఈ దారిని కొనసాగించారు. అల్డొలేజ్‌కు ఒక లోపం ఉంది. అది కాలేయంలోనూ, ఎర్ర రక్తకణాలలోనూ కూడా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికినా అంకె పెరుగుతుంది.

1959లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఎబాషి సెత్సురో, ఆయన సహచరులు క్రియేటిన్ కైనేజ్‌ను కొలిచి చూశారు. కాలేయంలో గాని, ఎర్రకణాలలో గాని ఈ ఎంజైమ్ దాదాపు ఉండదు, కండరంలో విస్తారంగా ఉంటుంది. డుషెన్ వ్యాధి ఉన్న పిల్లలలో అది మామూలు కంటే కొంచెం ఎక్కువ కాదు, పదుల రెట్లు ఎక్కువ. వైద్యంలో ఆరోగ్యానికీ రోగానికీ మధ్య ఇంత ఎడం చూపే పరీక్షలు అరుదు. అరవై ఏళ్లకు పైగా గడిచినా అనుమానం వచ్చిన పిల్లవాడికి మొదట చేసేది ఈ పరీక్షే.

ఆ అంకె చెప్పేది ఒక్కటే: కండర కణాల పొర కారుతున్నది. ఎందుకు కారుతున్నదో అది చెప్పదు. కండరంలోకి ఇంజెక్షన్ ఇచ్చినా, అలవాటులేని వ్యాయామం చేసినా కొన్నాళ్లపాటు సి.కె. పెరుగుతుంది. 1955లో బెకర్ వర్ణించిన మృదువైన రూపంలోనూ, తుంటి, భుజ కండరాలను పట్టే ఇతర వంశపారంపర్య వ్యాధులలోనూ అది పెరుగుతుంది. అందువల్ల అది ఏ జబ్బో తేల్చి చెప్పేది కాదు, ఎటు వెతకాలో చూపేది.

ఆ దారి తప్పిన సందర్భాలూ ఉన్నాయి. కాలేయ పరీక్షలని వాడుకలో చెప్పుకునే ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి. అనే ఎంజైమ్‌లు కండరంలో కూడా ఉంటాయి. ఏదో జ్వరానికి చేసిన పరీక్షలో అవి ఎక్కువగా కనబడితే, సి.కె. చూడకుండా, నెలల తరబడి కాలేయ వ్యాధికోసం వెతికి, చివరికి కాలేయంలోంచి తునక తీసి చూసిన పిల్లల ఉదంతాలు వైద్య పత్రికలలో మళ్లీ మళ్లీ కనబడతాయి. కాలేయంలో ఉండి కండరంలో దాదాపు లేని జి.జి.టి. అనే ఎంజైమ్‌ను కూడా చూస్తే ఈ పొరపాటు తప్పుతుంది.

రెండవ ప్రశ్న: ఎవరి నుంచి, ఇంకెవరికి?

తెలుగు కుటుంబంలో పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన జబ్బు అనగానే పెద్దలు అడిగే మొదటి మాట "మేనరికమా?" అని. డుషెన్ వ్యాధికి మేనరికంతో సంబంధం లేదు. దోషం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఆ క్రోమోజోమ్ ఒక్కటే, అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఆమెకు మేనబావ అయినా, పరాయివాడైనా తేడా లేదు. తుంటి, భుజ కండరాలను పట్టే వ్యాధులలో చాలా వాటికి మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషం రావాలి కనుక అక్కడ మేనరికం లెక్కలోకి వస్తుంది. ఈ రెంటినీ వేరుచేయకుండా అందరికీ ఒకే మాట చెప్పడం వల్ల అక్కరలేని అపరాధ భావన మిగిలిపోతుంది.

దోషమున్న జన్యువును మోసే తల్లికి సాధారణంగా జబ్బు కనబడదు. ఎబాషి పత్రం వెలువడిన ఒకటి రెండేళ్లలోనే, అటువంటి స్త్రీలలో కూడా కొందరికి సి.కె. పెరిగి ఉంటుందని తెలిసింది. రోగి అక్కచెల్లెళ్లు, పిన్నులు తమ రక్తం పరీక్షించుకుని పిల్లల విషయం నిర్ణయించుకోవచ్చునన్న ఆశ కలిగింది. ఆ ఆశ సగమే నెరవేరింది. వాహకులలో సుమారు మూడింట రెండు వంతుల మందికే అంకె పెరుగుతుంది, మిగిలిన వారిది మామూలు స్త్రీల అంకెలతో కలిసిపోతుంది.

దీని అర్థం చిన్న లెక్కతో తెలుస్తుంది. తల్లి వాహకురాలని నిశ్చయంగా తెలిసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమె వాహకురాలయ్యే అవకాశం రెండింట ఒక వంతు. పరీక్ష మామూలుగా వచ్చింది. అటువంటి నలుగురు అక్కచెల్లెళ్లను తీసుకుంటే, మామూలు ఫలితం వచ్చిన వారిలో సుమారు ఒకరు ఇంకా వాహకురాలే అయి ఉంటారు. అంటే మంచి ఫలితం ఆమె భయాన్ని యాభై శాతం నుంచి ఇరవై అయిదుకు తగ్గించింది, తీసివేయలేదు. 1960లలోనూ 1970లలోనూ జన్యు సలహాదారులు ఎదురుగా కూర్చున్న పడుచులకు చెప్పగలిగినది ఇంతే.

గర్భస్థ శిశువు రక్తంలో సి.కె. కొలిచి వ్యాధిని ముందే కనిపెట్టే ప్రయత్నమూ జరిగింది. అది నమ్మదగినది కాదని 1979లో అమెరికాలో వెలువడిన ఒక పత్రం తేల్చింది. ఆ రోజులలో కుటుంబాలకు మిగిలిన మార్గం గర్భంలో ఉన్నది మగశిశువా అని తెలుసుకోవడం ఒక్కటే. జబ్బు ఉన్నదో లేదో తెలియకుండానే నిర్ణయం తీసుకోవలసి వచ్చేది.

ఈ ప్రశ్నకు అసలు జవాబు ఎంజైమ్ నుంచి కాక జన్యువు నుంచి వచ్చింది. 1986లో లూయీ కంకెల్ బృందం డుషెన్ జన్యువును పట్టుకుంది. 1987 చివరలో ఎరిక్ హాఫ్‌మన్, రాబర్ట్ బ్రౌన్, కంకెల్ ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను గుర్తించి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. ఇరవై లక్షలకు పైగా అక్షరాల పొడవు, 79 ఎక్సాన్‌లు ఉన్న ఆ జన్యువు మనిషిలో తెలిసిన అతి పొడవైనవాటిలో ఒకటి. డిస్ట్రోఫిన్ కండర కణం లోపలి చట్రాన్ని పైపొరకు కట్టి ఉంచుతుంది. అది లేకపోతే ముడుచుకున్న ప్రతిసారీ పొర చిరుగుతుంది. మెరియన్ చూసిన చిరుగుకు కారణం దాదాపు నూట ముప్ఫై అయిదేళ్లకు తెలిసింది.

రోగులలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో ఈ జన్యువులోంచి ఒకటో, అంతకంటే ఎక్కువో ఎక్సాన్‌లు ఊడిపోయి ఉంటాయి. ఆ లోపాన్ని రక్తంలోని తెల్లకణాల డి.ఎన్.ఎ.లోనే చూడవచ్చు. 2000ల తొలి సంవత్సరాలలో అన్ని ఎక్సాన్‌లనూ ఒకేసారి లెక్కపెట్టే పద్ధతి రావడంతో వాహకులను గుర్తించడం సులువయింది, చాలామంది పిల్లలకు కండరం కోసి చూడవలసిన అవసరం తప్పింది.

అయినా ఇక్కడ కూడా రక్తానికి ఒక హద్దు ఉంది. రోగులలో సుమారు మూడోవంతు మందిలో దోషం కొత్తగా పుట్టినది, తల్లి రక్తంలో ఉండదు. కొందరు తల్లులలో మాత్రం అండాలలో కొన్నిటిలోనే ఆ దోషం ఉంటుంది, రక్తకణాలలో ఉండదు. అటువంటి తల్లికి రెండవ కొడుకు కూడా అదే జబ్బుతో పుట్టవచ్చు. అందుకే రక్తపరీక్ష శుభ్రంగా వచ్చిన తల్లికి కూడా తరువాతి కాన్పులో పరీక్ష చేయించుకొమ్మని సలహా ఇస్తారు.

మడమ నెత్తురు చుక్క

మొదటి బిడ్డకు రోగం తెలిసేసరికి సాధారణంగా నాలుగైదేళ్లు వస్తాయి. ఆలోపల తమ్ముడు పుట్టి ఉంటాడు. అందుకని పుట్టిన వెంటనే మడమ నుంచి కాగితంమీదకు తీసే నెత్తురు చుక్కలో సి.కె. కొలవాలన్న ఆలోచన 1970లలోనే వచ్చింది. వేల్స్‌లో 1990లో మొదలైన కార్యక్రమం 2011 దాకా సాగింది. తల్లిదండ్రుల అంగీకారంతో 3,40,000కు పైగా మగశిశువులను పరీక్షించారు, 56 మందిలో డుషెన్ వ్యాధి నిర్ధారణ అయింది. పదమూడు మందిని ఆ పరీక్ష పట్టుకోలేకపోయింది.

ప్రసవపు ఒత్తిడివల్ల ఆరోగ్యంగా ఉన్న శిశువులో కూడా సి.కె. తాత్కాలికంగా పెరుగుతుంది. వేల్స్‌లో మొదట అంకె ఎక్కువ వచ్చిన 145 మందిలో 79 మందికి కొన్ని వారాల తరువాత మామూలు స్థాయి కనిపించింది. ఆ వారాలు ఆ ఇళ్లలో ఎలా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. 2012లో ఒహాయో పరిశోధకులు దీనికి పరిష్కారం చూపారు. అంకె 2,000 దాటితే అదే నెత్తురు చుక్కలోని డి.ఎన్.ఎ.ను చూడాలి, ఆ తరువాతే తల్లిదండ్రులకు చెప్పాలి. 37,649 మంది మగశిశువులలో ఆరుగురికి వ్యాధి తేలింది. ఎంజైమ్ దిక్కు చూపితే జన్యువు నిర్ధారించడం అనే ఈ శ్రమ విభజన, రెండు సూచికలూ ఏ ప్రశ్నకు సరిపోతాయో తెలిసి వాడినప్పుడు వచ్చిన ఫలితం. నెత్తురు చుక్కలో కండరానికే ప్రత్యేకమైన సి.కె. రూపాన్ని కొలిచే పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అనుమతి ఇచ్చింది.

మూడవ ప్రశ్న: మందు పనిచేస్తున్నదా?

ఇక్కడే సి.కె. దాదాపు మూగబోతుంది. డుషెన్ పిల్లవాడి సి.కె. చిన్నతనంలోనే శిఖరాన ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఏ మందూ ఇవ్వకపోయినా తగ్గుతుంది. కారడానికి కండరం మిగలకపోవడమే దానికి కారణం. నడక ఆగి చక్రాల కుర్చీకి చేరిన పిల్లవాడికి కదలిక తగ్గడంవల్ల కూడా అంకె పడిపోతుంది. పదేళ్ల పిల్లవాడి కాగితంమీద 20,000 ఉన్నది 6,000 అయిందని ఏదో నాటుమందు పుణ్యమని సంతోషించే తల్లిదండ్రులను తప్పుపట్టలేము. అంకె తగ్గడం మంచిదే కావాలి కదా అన్నది సహజమైన తర్కం. ఈ వ్యాధిలో ఆ తర్కం తిరగబడుతుంది.

1989లో ప్రెడ్నిసోన్ ఉపయోగాన్ని నిరూపించిన పరీక్షలో 103 మంది పిల్లల కండరబలాన్ని కొలిచి తేల్చారు. తరువాతి ప్రయోగాలలో ఆరు నిమిషాలలో ఎంత దూరం నడిచారన్నది కొలమానమయింది. కాని పిల్లవాడి నడక ఆ రోజు ఉత్సాహాన్ని బట్టి మారుతుంది, తేడా తేలడానికి ఏడాదికి పైగా పడుతుంది. కనుక రక్తంలోనే త్వరగా మారే సూచిక కావాలన్న కోరిక పెరిగింది. 2011లో జపాన్‌లోనూ, ఇటలీలోనూ రెండు బృందాలు కండరానికే ప్రత్యేకమైన చిన్న ఆర్.ఎన్.ఎ. తునకలు రోగుల రక్తంలోనూ, వ్యాధి ఉన్న జంతువుల రక్తంలోనూ పెరిగి ఉంటాయని చూపాయి. 2015లో హతూత్ బృందం ఒకేసారి 1,125 ప్రోటీన్లను కొలిచి, రోగులలో భిన్నంగా ఉన్న 44ను గుర్తించింది. వాటిలో కొన్ని కారుతున్న కండరానికి కొత్త సాక్షులే, వయసుతో అవి కూడా తగ్గుతాయి.

అసలు కావలసిన డిస్ట్రోఫిన్ మాత్రం రక్తంలో కొలవడానికి దొరకదు. దానిని చూడాలంటే కండరం తునక తీయాలి. 2016లో ఒక ఎక్సాన్‌ను దాటవేయించే మందుకు అమెరికాలో త్వరిత అనుమతి ఇచ్చినప్పుడు ఆధారం కండరంలో పెరిగిన డిస్ట్రోఫిన్. అది మామూలు స్థాయిలో ఒక శాతం కూడా లేదు. ఆ పెరుగుదల పిల్లవాడి నడకకు ఉపకరిస్తుందా అన్న వాదం నియంత్రణ సంస్థ లోపలే తీవ్రంగా నడిచింది. 2023 జూన్‌లో కుదించిన డిస్ట్రోఫిన్‌ను వైరస్ ద్వారా అందించే జన్యు చికిత్సకూ ఇదే తరహా ఆధారంతో అనుమతి లభించింది. అదే ఏడాది చివరలో ప్రకటించిన పెద్ద ప్రయోగం తన ప్రధాన కొలమానాన్ని అందుకోలేకపోయింది. 2025లో ఆ చికిత్స పొందిన, అప్పటికే నడవలేని ఇద్దరు రోగులు కాలేయ వైఫల్యంతో మరణించారు. కాలేయం దెబ్బతిన్నదా అని చూడడానికి వాడే ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి.లు ఈ రోగులలో ముందునుంచే కండరం వల్ల ఎక్కువగా ఉంటాయి. ఇక్కడ కూడా జి.జి.టి. వంటివి తోడుగా చూడవలసిందే.

రెండు అంకెలు

చెప్పినట్టే సుబ్బారావు రసాయనం దగ్గరకు వస్తాను. కండరంలోని క్రియేటిన్, ఫాస్ఫోక్రియేటిన్‌లలో చిన్న భాగం ప్రతిరోజూ ఏ ఎంజైమ్ ప్రమేయమూ లేకుండా క్రియేటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కండరం ఎంత ఉంటే అది అంత వస్తుంది. డుషెన్ పిల్లలలో అది తక్కువగా ఉంటుంది, శక్తి తగ్గేకొద్దీ ఇంకా తగ్గుతుంది. సి.కె. కండరం ఎంత కారుతున్నదో చెబుతుంది, క్రియేటినిన్ ఎంత మిగిలిందో చెబుతుంది. సి.కె. పడిపోతున్నప్పుడు క్రియేటినిన్ కూడా పడిపోతున్నదా అని చూస్తే అది ఊరటో కాదో కొంతవరకు తెలుస్తుంది.

అదే క్రియేటినిన్‌ను మరొక ప్రశ్నకు వాడితే అదీ మోసం చేస్తుంది. మూత్రపిండాలు చెడితే క్రియేటినిన్ పెరుగుతుందన్నది మనందరికీ తెలిసిన సూత్రం. కండరమే లేని యువకుడిలో మూత్రపిండాలు చెడినా అది మామూలుగానే కనబడవచ్చు. అందుకని వీరికి కండరంతో సంబంధంలేని సిస్టాటిన్-సి అనే ప్రోటీన్‌ను కొలవడం మేలు.

ఇప్పుడు ఈ పిల్లలలో చాలామంది ఇరవైలు దాటి, ముప్ఫైలలోకి వస్తున్నారు. వారితో ఆసుపత్రికి వెళ్లే తల్లిదండ్రులకు, కొత్తగా చూసే వైద్యుడికి, ప్రతి రక్తపరీక్ష కాగితం వచ్చినప్పుడూ అడగవలసిన మొదటి ప్రశ్న అంకె ఎక్కువా తక్కువా అన్నది కాదు. ఈ అంకె దేనికి జవాబు అన్నది.